సరిహద్దు సైనికుడి ఇంటివాళ్లు: అక్కెనపల్లి వెండి నాణేల నుంచి నాగార్జునకొండ ఛాయాస్తంభాల దాకా

నేను చివ్వెంల నుంచి మాట్లాడుతున్నాను. మా మండలంలో ఉండ్రుగొండ గుట్టలున్నాయి, వాటి మీద పాత కోట గోడలున్నాయి. అక్కడికి పోయినవాళ్లు ముందు అడిగే ప్రశ్న ఒకటే: "ఈ కోట ఎవరు కట్టిన్రు?" ఒక రాజు పేరు చెబితే సరిపోతుంది. ఫోటో దిగి కిందికి వచ్చేస్తారు. నాకు మాత్రం ఇంకో ప్రశ్న అడగాలనిపిస్తుంది. రాత్రిపూట ఆ గోడ మీద కావలి కాసినవాడు ఏం తిన్నాడు? వాడి జీతమెంత? పెళ్లాం పిల్లలు ఎక్కడున్నారు? వాడు చనిపోతే వాళ్లకు దిక్కెవరు?

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకునేది ఆ ప్రశ్న గురించే. దానికోసం మూడు చోట్లకు పోదాం. మొదట మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని అక్కెనపల్లి. అక్కడ దొరికిన ఒక నాణేల కుప్ప వెంట పడి రోమన్ సామ్రాజ్యపు ఉత్తర సరిహద్దుకు. చివరికి మళ్లీ మన కృష్ణానది ఒడ్డుకు, నాగార్జునకొండకు. ఈ మూడింటినీ ఎందుకు కలుపుతున్నానో మీకే అర్థమవుతుంది, కొంచెం ఓపిక పట్టండి.

ముందు అక్కెనపల్లి. అక్కడ ఒకేచోట 1531 రోమన్ వెండి నాణేలు దొరికాయి. భారతదేశంలో దొరికిన పెద్ద రోమన్ వెండి నాణేల నిధుల్లో ఇదొకటి. దక్షిణాదిలో దొరికే ఇలాంటి నిధుల్లో ఎక్కువగా కనిపించేది ఇద్దరు చక్రవర్తుల పేర్లు: ఆగస్టస్, ఆయన తర్వాత వచ్చిన టైబీరియస్. అంటే దాదాపు 2000 ఏళ్ల కిందటి నాణేలు. ఈ నాణేన్ని రోమన్లు దినారియస్ అన్నారు. మన సంస్కృత, ప్రాకృత గ్రంథాల్లో కనిపించే 'దీనారం' అనే మాట అక్కడి నుంచి వచ్చిందే.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. రోమన్ నాణేలు దొరికాయనగానే కొంతమంది "రోమన్ సైన్యం మన దగ్గరికి వచ్చింది" అని వీడియోలు చేసేస్తున్నారు. రాలేదండి. వచ్చింది వ్యాపారం. ఎర్రసముద్రం నుంచి ఓడలు రుతుపవనాల గాలి పట్టుకొని మన పడమటి తీరానికి వచ్చేవి. మిరియాలు, ముత్యాలు, సన్నని నూలుబట్టలు కొనుక్కొని పోయేవి, బదులుగా బంగారం, వెండి ఇచ్చేవి. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిపెట్టిన పెరిప్లస్ అనే ఓడదారుల పుస్తకంలో మన తూర్పు తీరం కూడా ఉంది. మసాలియా అని పేరు పెట్టి, అక్కడ సన్నని బట్టలు విస్తారంగా తయారవుతాయని చెప్పాడు. అది మన మచిలీపట్నం ప్రాంతమని చరిత్రకారులు గుర్తించారు. ఆ వెండి చేతులు మారుతూ మారుతూ నల్లగొండ దాకా వచ్చి మట్టిలో నిలిచిపోయింది.

మరి ఇందులో సైనికుడెక్కడున్నాడు? ఆ నాణెంలోనే ఉన్నాడు. రోమన్ ప్రభుత్వపు ఖర్చుల్లో అన్నింటికంటే పెద్దది సైన్యం జీతాలు. వెండి దినారియస్ ముద్రించడానికి ముఖ్యమైన కారణాల్లో అదొకటి. ఆగస్టస్, టైబీరియస్ కాలంలో లీజియన్‌లో మామూలు కాల్బలం సిపాయికి ఏడాది జీతం 225 దినారియస్‌లు. ఇప్పుడు లెక్క వేయండి. అక్కెనపల్లిలో దొరికిన 1531 నాణేలంటే ఒక రోమన్ సిపాయికి దాదాపు ఏడేళ్ల జీతం. మన దగ్గర ఎవరో ఒక వర్తకుడు కుండలో దాచుకున్న సొమ్ము, అక్కడ ఒక మనిషి ఏడేళ్లు చలిలో నిలబడితే వచ్చే సొమ్ము!

పైగా ఆ 225 కూడా మొత్తం చేతికి రాదు. తిండికి కోత, బట్టలకు కోత, బూట్లకు కోత, ఆయుధాలకు కోత. క్రీ.శ. 14లో ఆగస్టస్ చనిపోగానే రైన్, డాన్యూబ్ నదుల సరిహద్దుల్లో ఉన్న సైన్యాలు తిరగబడ్డాయి. ఆ కథ టాసిటస్ అనే రోమన్ చరిత్రకారుడు వివరంగా చెప్పాడు. వాళ్లు అడిగింది రాజ్యం కాదు, సింహాసనం కాదు. రోజుకు పూర్తిగా ఒక దినారియస్ ఇవ్వాలి, 16 ఏళ్లకు ఇంటికి పంపాలి, అంతే. అప్పటికి వాళ్లకు రోజుకు పడుతున్నది 10 ఆస్‌లు మాత్రమే. ఆస్ అంటే రాగి నాణెం, 16 ఆస్‌లు కలిస్తే ఒక దినారియస్. ముసలితనం వచ్చినా పంపకుండా పని చేయించుకుంటున్నారనేది వాళ్ల గోడు. అంటే అక్కెనపల్లి కుండలో ఉన్న ఒక్కో నాణెం, ఆ రోజుల్లో సరిహద్దు సిపాయి "రోజుకు ఇదొక్కటి ఇవ్వండి చాలు" అని ప్రాణాలకు తెగించి అడిగిన నాణెం.

సరే, ఇప్పుడు ఆ సరిహద్దుకే పోదాం. అన్ని సరిహద్దుల్లో రోజువారీ బతుకు గురించి అన్నింటికంటే ఎక్కువ చెప్పే చోటు ఒకటుంది. బ్రిటన్ ఉత్తరభాగంలో విండొలాండా అనే కోట. మీలో చాలామంది హేడ్రియన్ గోడ పేరు వినుంటారు. క్రీ.శ. 122లో మొదలుపెట్టి, ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా 117 కిలోమీటర్ల పొడవున కట్టిన గోడ. విండొలాండా దానికి కొంచెం దక్షిణంగా ఉంటుంది. గోడ కట్టకముందే అక్కడ సైనికులున్నారు. అక్కడి నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది, లోపలికి గాలి చొరబడదు. అందుకని కర్ర, తోలు కుళ్లిపోకుండా మిగిలాయి. 1973 నుంచి అక్కడి తవ్వకాల్లో పల్చని చెక్క ముక్కలు దొరుకుతున్నాయి. పోస్టుకార్డంత ఉంటాయి, వాటి మీద సిరాతో రాత. ఎక్కువభాగం క్రీ.శ. 90కి, 120కి మధ్యలోవి. వాళ్లు దాచిపెట్టినవి కాదండి ఇవి. చెత్తలో పారేసినవి, తగలబెట్టబోతే సగం కాలి మిగిలినవి. మనకు చరిత్ర అయింది ఆ చెత్తే!

అందులో ఒకటి హాజరు పట్టిక. మే 18వ తేదీ నాటిది. మొదటి తుంగ్రియన్ దళం లెక్క. తుంగ్రియన్లంటే ఇప్పటి బెల్జియం వైపు జనం. మొత్తం 752 మంది. అందులో కోటలో లేనివాళ్లే 456 మంది. సగానికి పైగా, 337 మంది, పక్కనున్న ఇంకో కోటలో డ్యూటీలో ఉన్నారు. ఉన్నది 296 మంది. వాళ్లలో 15 మంది జబ్బుతో, ఆరుగురు గాయాలతో, పదిమంది కళ్లకలకతో పడి ఉన్నారు. పనికి వచ్చేవాళ్లు 265 మంది. సినిమాల్లో చూపించే రోమన్ సైన్యం వరుసలు వరుసలుగా మెరుస్తూ ఉంటుంది కదా. అసలు సంగతి ఇదన్నమాట. సగం మంది ఎక్కడో డ్యూటీ మీద, మిగతావాళ్లలో కొంతమంది కళ్లు మండుతూ మంచం మీద.

ఇంకో చెక్క ముక్కలో ఎవరో సిపాయికి పార్శిల్ పంపామని రాశారు. ఏముంది అందులో? మేజోళ్లు, రెండు జతల చెప్పులు, రెండు జతల లోదుస్తులు. మన ఊళ్లో ఎవరి పిల్లాడైనా లడఖ్‌లో డ్యూటీకి పోతే తల్లి స్వెట్టర్, మేజోళ్లు, పచ్చడి డబ్బా కట్టి పంపుతుంది కదా, అచ్చం అలాగే. పంపినవాళ్ల పేరు పోయింది. తల్లో, అక్కో, స్నేహితుడో. పంపిన వస్తువులు మాత్రం మిగిలాయి.

ఇంకొకటి, ఒక చిన్న అధికారి పై అధికారికి రాసిన ఉత్తరం. రేపు మేమంతా రావాలా, సగం మందే రావాలా అని ఆజ్ఞ అడుగుతాడు. చివర్లో, మావాళ్లకు బీరు అయిపోయింది, పంపమని చెప్పండి అంటాడు. ఎవరికి ఏం అమ్మారో రాసుకున్న పద్దు ఒకటుంది. అందులో గంబాక్స్ అనే సిపాయి పేరు పక్కన మిరియాలు, 2 దినారియస్‌లు అని ఉంది. ఆ మిరియాలు ఎక్కడివి? మన మలబారు తీరానివి. ఒకసారి ఆలోచించండి. బ్రిటన్ చలిలో కూర్చున్న సిపాయి మన దేశపు మిరియాలు కొంటున్నాడు. అలాంటి కొనుగోళ్లు లక్షలు కలిస్తేనే అక్కెనపల్లి దాకా వెండి వచ్చింది. ఆ రెండు చివరలు ఒకరి మొహం ఒకరు ఎప్పుడూ చూడలేదు, కానీ ఒకే బజారులో ఉన్నారు.

ఇక రోజు ఎలా గడిచేది? సిపాయిలు ఎనిమిది మంది ఒక గది. కూడా పోయేటప్పుడు ఎనిమిది మందికి ఒక గుడారం, ఒక చేతి తిరగలి. గోధుమలు ఇస్తారు, విసురుకోవడం, రొట్టె కాల్చుకోవడం వాళ్ల పనే. మిగతా రోజంతా కందకాలు తవ్వడం, సున్నం కాల్చడం, రాళ్లు మోయడం, బండ్లు తోలడం, రాత్రి కావలి. యుద్ధం ఎప్పుడో ఒకసారి. పని మాత్రం ప్రతిరోజూ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఇంటివాళ్లు.

రోమన్ చట్టం ప్రకారం సిపాయికి పెళ్లి లేదు. లీజియన్‌లో అయినా, బయటి జాతులతో ఏర్పడిన సహాయక దళాల్లో అయినా, కొలువులో ఉన్నంతకాలం పెళ్లి చెల్లదు. సహాయక దళంలో కొలువు 25 ఏళ్లు. 18 ఏళ్లకు చేరితే 43 ఏళ్లు వచ్చేదాకా చట్టం దృష్టిలో వాడు బ్రహ్మచారి. కానీ మనిషి అలా ఉంటాడా? ఉండడు. కోట గోడ పక్కనే ఊళ్లు లేచాయి. అందులో ఆడవాళ్లు, పిల్లలు, కల్లు దుకాణాలు, చెప్పులు కుట్టేవాళ్లు, కమ్మరులు. విండొలాండాలో వేల తోలు చెప్పులు దొరికాయి. వాటిలో ఆడవాళ్లవి ఉన్నాయి, పసిపిల్లలవి ఉన్నాయి. కొన్ని కోట లోపలే, సైనికుల గదుల దగ్గరే దొరికాయి. చట్టం లేదన్న పిల్లలు అక్కడే నడక నేర్చుకున్నారు. కాగితం ఒకటి చెబుతుంది, చెప్పు ఇంకొకటి చెబుతుంది!

"సరేలే, చట్టం కళ్లు మూసుకుంది కదా, ఇబ్బందేముంది?" అంటారేమో. ఇబ్బంది ఎప్పుడొస్తుందంటే, వాడు చనిపోయినప్పుడు. ఈజిప్టులో దొరికిన ఒక పాపిరస్‌లో కోర్టు తీర్పుల నకళ్లున్నాయి. క్రీ.శ. 117లో ల్యూసియా మాక్రినా అనే ఆవిడ ఈజిప్టును పాలించే అధికారి లూపస్ దగ్గరికి వచ్చింది. చనిపోయిన ఒక సైనికుడి దగ్గర నేను డబ్బు డిపాజిట్ పెట్టాను, అతని ఆస్తిలోంచి నాకు తిరిగి ఇప్పించండి అని వకీలు ద్వారా అడిగింది. లూపస్‌కు విషయం తెలుసు. ఈ డిపాజిట్లంటే అసలు కట్నాలేనని మాకు తెలుసు, సైనికుడికి పెళ్లి చెల్లదు, నేను దీనికి విచారణకర్తను నియమిస్తే ఆ పెళ్లిని ఒప్పుకున్నట్టవుతుంది, కుదరదు అన్నాడు. అయిపోయింది. మాక్రినా ఖాళీ చేతులతో పోయింది. డిపాజిట్ అని రాసుకోవడం ఆడవాళ్లు వెతుక్కున్న దారి. ఆ దారిని కూడా మూసేశారు.

చట్టం మారలేదా అంటే, మారింది, మెల్లగా. క్రీ.శ. 119లో హేడ్రియన్ చక్రవర్తి ఈజిప్టు అధికారికి ఉత్తరం రాశాడు. సైనికుల పిల్లలు చట్టబద్ధమైన వారసులు కాకపోయినా, రక్తసంబంధీకులుగా తండ్రి ఆస్తిని అడగొచ్చు అన్నాడు. సహాయక దళం సిపాయి 25 ఏళ్లు పూర్తి చేస్తే కంచు రేకుల మీద చెక్కిన పత్రం తెచ్చుకోవచ్చు. అందులో అతనికి రోమన్ పౌరసత్వం, తనతో ఉన్న ఆవిడతో పెళ్లి హక్కు. క్రీ.శ. 140 దాకా పిల్లలకు కూడా పౌరసత్వం వచ్చేది. ఆ తర్వాత కొలువులో ఉండగా పుట్టిన పిల్లల పేర్లు తీసేశారు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టు. చివరికి 197 ప్రాంతంలో సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి సైనికులు భార్యలతో ఉండొచ్చని ఒప్పుకున్నాడు. ఆగస్టస్ కాలం నుంచి లెక్కేస్తే 200 ఏళ్లు పట్టింది.

అధికారులకు మాత్రం ఈ నిషేధం లేదు. విండొలాండాలో తొమ్మిదో బటావియన్ దళం అధిపతి ఫ్లేవియస్ సెరియాలిస్. ఆయన భార్య సల్పీసియా లెపిడినా, పిల్లలు కోటలోనే పెద్ద ఇంట్లో ఉన్నారు. క్రీ.శ. 100 ప్రాంతంలో ఆమెకు ఒక ఉత్తరం వచ్చింది. వేరే కోట అధికారి భార్య క్లాడియా సెవెరా రాసింది. సెప్టెంబర్ 11 నా పుట్టినరోజు, నువ్వు వస్తేనే నాకు ఆ రోజు బాగుంటుంది అని పిలుపు. ఉత్తరం ఎక్కువభాగం గుమాస్తా రాశాడు. చివరి వాక్యాలు మాత్రం ఆమె స్వయంగా, కొంచెం తడబడే చేతిరాతతో రాసింది. చెల్లెలా, నీ కోసం చూస్తుంటాను అని అర్థం వచ్చే మాటలు. లాటిన్‌లో ఒక స్త్రీ తన చేత్తో రాసిన అతి పాత రాతల్లో ఇదొకటి. రాజుల గురించి కాదు, యుద్ధం గురించి కాదు. సరిహద్దు కోటలో తోడు లేని ఒక ఆడమనిషి, ఇంకో ఆడమనిషిని రమ్మని అడగడం.

కాబట్టి రోమన్ సరిహద్దులో రెండు రకాల ఇళ్లున్నాయి. ఒకటి సెవెరా ఇల్లు, దానికి ఉత్తరం ఉంది, పేరుంది. రెండోది మామూలు సిపాయి ఇల్లు, దానికి పిల్లల చెప్పు ఒక్కటే సాక్ష్యం. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, మన దగ్గరికి వచ్చాక మళ్లీ అవసరమవుతుంది.

ఇప్పుడు కృష్ణ ఒడ్డుకు వద్దాం. కాలం కొంచెం ముందుకు జరుపుకోవాలి. అక్కెనపల్లి నాణేలు మొదటి శతాబ్దానివి, సాతవాహనుల కాలం. ఇప్పుడు నేను చెప్పేది మూడో శతాబ్దం. సాతవాహనుల తర్వాత కృష్ణాలోయను ఇక్ష్వాకులు ఏలారు. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు, ఈ నలుగురు రాజులు. రాజధాని విజయపురి, అదే నాగార్జునకొండ లోయ. మిర్యాలగూడ వైపు నుంచి పోతే సాగర్ డ్యాం దగ్గర మీరు చూసే నీళ్ల కిందే ఆ పట్నం ఉంది. డ్యాం కడుతున్నప్పుడు 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, దొరికినవాటిని కొండ మీది మ్యూజియానికి, కొన్ని కట్టడాలను అనుపుకు తరలించారు. నది ఒడ్డున గోడ, కందకం ఉన్న కోట, మెట్ల మెట్లుగా కూర్చునే రంగస్థలం, స్నానఘట్టాలు, అన్నీ అక్కడ బయటపడ్డాయి.

అక్కడా రోమన్ బంగారు నాణేలు దొరికాయి. అంతకంటే ముఖ్యం, దీనారం అనే మాట అక్కడి శాసనంలోనే ఉంది. ఉజ్జయిని నుంచి కోడలుగా వచ్చిన మహాదేవి రుద్రధరభట్టారిక మహాచైత్యానికి 170 'దినారి మాషకాలు' ఇచ్చినట్టు స్తంభం మీద చెక్కించింది. రైన్ నది ఒడ్డున సిపాయి అడిగిన నాణెం పేరు, రెండు శతాబ్దాల తర్వాత మన కృష్ణ ఒడ్డున ప్రాకృత శాసనంలో!

మామూలు బజారులో నడిచింది మాత్రం వేరే నాణెం. 2024లో మన సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో ఒక మట్టికుండలో 3730 సీసపు నాణేలు దొరికాయి. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలం నాటివని పురావస్తు శాఖవాళ్లు చెప్పారు. దీనారాలు రాణి దానానికి, సీసం పొద్దుటి కూరగాయలకు. సిపాయి చేతిలో గలగలలాడింది ఏదై ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇక్ష్వాకుల సైన్యం గురించి మనకు తెలిసేది ముఖ్యంగా బిరుదుల ద్వారా: మహాసేనాపతి, మహాతలవర, మహాదండనాయక. ఈ బిరుదులు మనకు ఎక్కడ కనిపిస్తాయో తెలుసా? చాలావరకు వాళ్ల భార్యలు వేయించిన శాసనాల్లో. శాంతమూల మహారాజు చెల్లెలు శాంతిశ్రీ. ఆమె భర్త పూకీయ కుటుంబానికి చెందిన మహాసేనాపతి, మహాతలవర స్కందశ్రీ. వీరపురుషదత్తుడి ఆరో రాజ్యసంవత్సరంలో మహాచైత్యానికి ఆమె స్తంభాలు నిలబెట్టించింది. అందులో తాను ఎవరి చెల్లెలో, ఎవరి భార్యో, ఎవరి తల్లో చెప్పుకుంది. పుట్టింటివాళ్లకు, అత్తింటివాళ్లకు, రెండు ఇళ్లలో పోయినవాళ్లకు, ఉన్నవాళ్లకు, రాబోయేవాళ్లకు మేలు కలగాలని కోరుకుంది. సేనాపతి ఏ యుద్ధం చేశాడో ఆ రాయి చెప్పదు. ఆయన ఇల్లు ఎలా ఉందో చెబుతుంది.

ఇంక అన్నింటికంటే నన్ను కదిలించేవి ఛాయాస్తంభాలు. శాసనాల్లో 'ఛాయాఖంభ' అని ఉంటుంది. ఛాయ అంటే నీడ, పోలిక. చనిపోయిన మనిషి నీడను రాతిలో నిలబెట్టడమన్నమాట. వీరపురుషదత్తుడి 20వ సంవత్సరంలో, అతని తండ్రి శాంతమూల మహారాజు పేర ఒక స్తంభం ఎత్తారు. ఎవరు ఎత్తారు? ఆయన తల్లులు, అక్కచెల్లెళ్లు, భార్యలు. వాళ్ల పేర్లు వరసగా రాయి మీద ఉన్నాయి. అదే లోయలో సేనాపతులకు, సైన్యంలో పనిచేసినవాళ్లకు, చేతివృత్తుల పెద్దకు కూడా ఇలాంటి స్తంభాలున్నాయి. రాజుకు ఒక్కడికే కాదు.

ఇప్పుడు రెండు సరిహద్దులనూ పక్కపక్కన పెట్టి చూడండి. విండొలాండాలో ప్రభుత్వం మనుషులను లెక్కపెట్టింది, ఇంటివాళ్లను లెక్కలోకి తీసుకోలేదు. అయినా తడి మట్టి వాళ్ల చెప్పులను, మేజోళ్ల పార్శిల్ కబురును దాచిపెట్టింది. నాగార్జునకొండలో ఎండకు, వానకు చెప్పులు, తాటాకులు మిగలవు. కానీ చనిపోయినవాడి పక్కన బతికున్నవాళ్ల పేర్లను రాయి మీద చెక్కించారు. అక్కడ చెత్త మిగిలింది, ఇక్కడ రాయి మిగిలింది. అక్కడ మామూలు సిపాయి తిండి, బట్ట తెలుస్తాయి. ఇక్కడ పెద్దింటి ఆడవాళ్ల మాట వినిపిస్తుంది. ఇందాక చెప్పిన తేడా ఇక్కడా ఉంది: శాంతిశ్రీ మన సెవెరా. మామూలు సైనికుడి భార్య పేరు రెండుచోట్లా వెతుక్కోవాల్సిందే.

మన ప్రాంతంలో ఆ స్తంభాల ఆనవాయితీ అక్కడితో ఆగలేదు. తర్వాతి శతాబ్దాల్లో వీరగల్లులు వచ్చాయి. కాకతీయుల కాలం దాకా, ఆ తర్వాత కూడా నిలబెట్టారు. చేతిలో కత్తి, పక్కన గుర్రం, పైన దేవకన్యలు. చాలా ఊళ్లలో అవి చెరువుకట్ట మీదో, గుడి వెనకో ఒరిగి ఉంటాయి. కొన్నింటికి పసుపు కుంకుమ పెడతారు, ఎవరో ఏమిటో తెలియకుండానే.

ఈ కథ నిన్నమొన్నటి దాకా వస్తుంది. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో 20 మంది భారత సైనికులు ప్రాణాలిచ్చారు. వాళ్లకు నాయకత్వం వహించిన 16 బిహార్ దళం కమాండింగ్ ఆఫీసర్ కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. 2021లో సూర్యాపేటలో ఆయన విగ్రహం పెట్టారు. అదే ఏడాది నవంబరులో ఆయనకిచ్చిన మహావీర చక్రను రాష్ట్రపతి చేతుల మీదుగా ఆయన తల్లి, భార్య అందుకున్నారు. ఆ దృశ్యం టీవీలో చూస్తుంటే నాకు శాంతమూలుడి స్తంభం గుర్తొచ్చింది. తల్లులు, భార్యలు నిలబడి మనిషి పేరును నిలబెట్టడం. 1700 ఏళ్ల తేడా, అంతే.

ఒక విషయంలో మాత్రం లోకం మారింది. ఈరోజు సైనికుడి భార్య డిపాజిట్ అని దొంగపేరు పెట్టుకోనక్కర్లేదు. పెన్షన్ ఉంది, ఆమె పేరు రికార్డులో ఉంది. మాక్రినా లాంటివాళ్లు ఖాళీ చేతులతో వెనక్కి పోయిన కోర్టు మెట్ల నుంచి ఇక్కడికి రావడానికి చాలా కాలం పట్టింది. అది ఎవరో దయతో ఇచ్చింది కాదు. ఇల్లు లేకుండా సరిహద్దు నిలబడదని రాజ్యాలకు మెల్లగా తెలిసొచ్చింది. సెవెరస్ కూడా సిపాయిల మీద ప్రేమతో ఇవ్వలేదు, వాళ్లు తన వెంట ఉండాలని ఇచ్చాడు.

నేను చెప్పదలుచుకున్నది ఇదండి. సరిహద్దును కాసింది ఒక్క సిపాయి కాదు, అతని ఇల్లు కూడా కాసింది. మేజోళ్లు పంపినవాళ్లు, తిరగలి విసిరినవాళ్లు, జీతంలో మిగిలిన నాలుగు నాణేలతో పిల్లలను పెంచినవాళ్లు. వాళ్లు చరిత్రలో ఉంటారా లేదా అన్నది వాళ్ల గొప్పతనాన్ని బట్టి లేదు. ఎవరైనా రాసిపెట్టారా, రాసింది మిగిలిందా, దాన్ని బట్టి ఉంది.

అందుకే చివరగా ఒక మాట. మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో మిలటరీలో పనిచేసినవాళ్ల ఇళ్లున్నాయి. ఆ ఇళ్లలో అటక మీద ఒక ఇనుప ట్రంకుపెట్టె ఉంటుంది. అందులో ఇన్‌లాండ్ లెటర్లు, మనియార్డర్ రసీదులు, ఒకటో రెండో ఫోటోలు. "పాత కాగితాలు, చెదలు పడుతున్నయి" అని పారేయకండి. ఆ రసీదు మీద ఎంత పంపాడో, ఏ తేదీన పంపాడో ఉంటుంది. ఆ ఉత్తరంలో గేదె ఈనిందా, చెల్లె పెళ్లి కుదిరిందా, వడ్లు ఎన్ని బస్తాలైనయి అని అడిగి ఉంటాడు. అచ్చం విండొలాండా చెక్కముక్కల్లా. ఇప్పటి పిల్లలు వాట్సాప్‌లో మాట్లాడుకుంటున్నారు, ఫోన్ పోతే అదీ పోతుంది. మన మట్టి విండొలాండా మట్టి కాదు, మనకోసం దాచిపెట్టదు. మనమే దాచుకోవాలి. పెద్దవాళ్లు బతికుండగానే పక్కన కూర్చొని, ఏ ఊళ్లో డ్యూటీ చేశారు, ఇంట్లో అమ్మమ్మ ఎలా నెట్టుకొచ్చింది అని అడిగి రాసుకోండి. అమ్మమ్మను విడిగా అడగండి. ఆమె చెప్పేది వేరుగా ఉంటుంది.

మీ ఊరి చెరువుకట్ట మీద వీరగల్లు ఉంటే ఫోటో తీసి, ఊరి పేరు, ఎక్కడుందో రాసి నాకు పంపండి. దాని మీద అక్షరాలుంటే సున్నం, రంగు పూయకుండా కాపాడండి. వచ్చే ఎపిసోడ్‌లో పిల్లలమర్రి శాసనాలు చదువుకుందాం. అప్పటిదాకా సెలవు. నమస్కారం.